ఖర్కాయి ఒడ్డున ఆల్ క్లియర్

బాలాజీ ముఖం చనిపోయిన మనిషి ముఖంలా లేదు. బుగ్గలు ఎర్రగా, పెదవులు అప్పుడే కిళ్ళీ నమిలినట్టుగా ఉన్నాయి. భోంచేసి కునుకు తీస్తున్నవాడిలా ఉన్నాడు.

ఈశ్వరి ఫోటోను బల్ల మీద పెట్టింది.

"గుండెపోటు అని రాసిచ్చారు," అన్నాడు భానుప్రకాష్. "రోజూ తెల్లవారకముందే లేచి పరుగెత్తే మనిషికి గుండెపోటు."

"పోస్ట్‌మార్టం?"

"జరగలేదు. జంషెడ్‌పూర్‌లో వాడు సివిల్ డిఫెన్స్ ట్రైనర్. మన మనిషని ఎవరికీ తెలియదు. ఊళ్ళో వాళ్ళే మర్యాదగా దహనం చేసేశారు. మనకు ఫోటో ఒక్కటే మిగిలింది."

హోం శాఖ కొత్త భవనంలో ఆ గది ఇంకా గదిలా తయారుకాలేదు. పాత ఆఫీసు నుంచి వచ్చిన అట్టపెట్టెలు గోడవారగా పేర్చి ఉన్నాయి. ఇంటీరియర్ థ్రెట్ డెస్క్ అధిపతి భానుప్రకాష్ వాటిలోంచి ఒక్క కెటిల్ మాత్రం బయటకు తీయించాడు. టీ పోస్తూ మొదలుపెట్టాడు.

"ఈ శాఖ చరిత్ర నీకు తెలుసా?"

ఈశ్వరి కుర్చీలో వెనక్కి వాలింది. ప్రతి బ్రీఫింగ్‌లోనూ ఇది తప్పదు.

"1843లో కలకత్తాలో హోం డిపార్ట్‌మెంట్ పెట్టారు. అప్పట్లో పెద్ద ఉమ్మడి కుటుంబం. చదువు, ఆసుపత్రి, వ్యవసాయం, జైలు, అన్నీ దాని కిందే. తర్వాత ఒక్కొక్కటే వేరు కాపురం పెట్టుకుని వెళ్ళిపోయాయి. చివరికి మన వాటాకు ఏం మిగిలిందో తెలుసా? భయం. అల్లరంటే భయం, చొరబాటంటే భయం, వరదంటే భయం. ఎవరికి భయమేసినా మన గుమ్మం ముందుకే వస్తారు."

"సార్, మిషన్."

"అదే చెబుతున్నాను. భయపడ్డవాడికి మనం ఇచ్చేది ఏమిటి? ఒక సైరన్. చైనా యుద్ధం నాటి నుంచి జనానికి ఒకటే నేర్పుతున్నాం. సైరన్ చెప్పింది చెయ్యండి, బతుకుతారు అని. ఇప్పుడు ఇది విను."

కంప్యూటర్ మీద ఒక మీట నొక్కాడు. విదేశీ యాసలో ఇంగ్లీషు మాట్లాడుతున్న గొంతు. పావుగంట చీకటి చాలు. ఆ తర్వాత ఈ దేశంలో ఎవ్వడూ సైరన్‌ను నమ్మడు.

"లాంతరు ముఠా," అన్నాడు భానుప్రకాష్. "మూడు దేశాల నుంచి నడుస్తుంది. వచ్చే నెల దేశమంతా జరిగే సివిల్ డిఫెన్స్ మాక్ డ్రిల్ జంషెడ్‌పూర్‌లోనూ ఉంది. సాయంత్రం ఏడింటికి సైరన్, పావుగంట బ్లాక్ అవుట్. ఆ చీకట్లో ఏదో చేయబోతున్నారు. ఎక్కడ, ఎలా అన్నది బాలాజీ కనుక్కున్నాడనుకుంటాను. మనకు చెప్పేలోపే పోయాడు."

"అక్కడ మనకెవరున్నారు?"

"అర్పిత. డ్రిల్ ఏర్పాట్లు చూసే ఈవెంట్ సంస్థ ఆమెది. లాంతరు దగ్గర జీతం తీసుకుంటుంది, కబుర్లు మనకిస్తుంది. ఇంతవరకూ ఆమె ఇచ్చిన కబురు ఒక్కటీ తప్పలేదు." అతను ఒక గాజు ముందుకు తోశాడు. చూడ్డానికి సంతలో దొరికే రోల్డ్ గోల్డ్ గాజు. "ఇందులో ట్రాన్స్‌మిటర్ ఉంది. నువ్వు మాట్లాడితే నాకు వినిపిస్తుంది. చెవి కమ్మలోంచి నా మాట నీకు వినిపిస్తుంది. ఒకటి గుర్తుంచుకో. అక్కడి పోలీసులు రాష్ట్రం చేతిలో ఉంటారు. నీకు అరెస్టు చేసే అధికారం లేదు. తుపాకీ లేదు."

"మరేముంది సార్?"

"నువ్వు పుట్టిన ఊరు. అది చాలదా?"

*

ఆదిత్యపూర్ జంషెడ్‌పూర్‌ను ఆనుకునే, ఖర్కాయి నదికి అవతల ఉంటుంది. చిన్న చిన్న ఇంజినీరింగ్ యూనిట్లు, వాటి మధ్య రేకుల ఇళ్ళు. ఆ ఇళ్ళలో ఒకటి, ఎప్పుడో సోంపేట నుంచి వలస వచ్చిన నూకమ్మ నడిపే మెస్. కాంట్రాక్టు పనివాళ్ళకు క్యారేజీలు కట్టి ఇస్తుంది. బాలాజీ కూడా ఆమె దగ్గరే తినేవాడు. చనిపోయిన రోజు అతని గది తలుపు మొదట తోసింది ఆమే.

ఈశ్వరి సోంపేట నుంచి వచ్చిన దూరపు చుట్టంగా, మొగుడు వదిలేసిన మనిషిగా ఆ మెస్‌లో దిగింది. నేత చీర, రెండు ముక్కుపుడకలు, నూనె రాసి బిగించిన ముడి. అసలు సంగతి నూకమ్మకొక్కతికే తెలుసు. కొడుకు పోలరాజుకు కూడా చెప్పలేదు.

"సుట్ట అలాగ కాదే," అంది నూకమ్మ మొదటి రోజే. "నిప్పు లోపలికెట్టాల. మనూరి ఆడోళ్ళెవులూ నిప్పు బైటికెట్టరు. నిన్నిట్టే పట్టేత్తారు."

"నాలిక కాలదా అత్తా?"

"కాల్తాది. మాటలు తగ్గుతాయి. మీ ఢిల్లీవోళ్ళకి మంచిదే."

ఈశ్వరి చుట్ట తిప్పి పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. నూకమ్మ తన చుట్ట నిప్పుకొసను నోట్లోనే ఉంచుకుని, పొగ ముక్కులోంచి వదులుతూ, పప్పు తిరగమోత వేసింది.

ఆ ఊళ్ళో ఎవరైనా ఎదురుపడితే బాగున్నావా అని అడగరు. ఏ షిఫ్ట్ అని అడుగుతారు. ఎ షిఫ్ట్ తెల్లవారుజామున, బి షిఫ్ట్ మధ్యాహ్నం, సి షిఫ్ట్ రాత్రి. వారం వారం మారుతుంది. మనిషి నిద్ర, తిండి, పూజ, మొగుడూ పెళ్ళాల తగువులు కూడా దానితోనే మారతాయి. పక్కింట్లో సి షిఫ్ట్ మనిషి ఉంటే పొద్దున్న పూట మిక్సీ వెయ్యరు. ఈశ్వరి నాన్న స్టీల్ ప్లాంట్‌లో ఫోర్‌మన్. ఆమె చిన్నతనమంతా ఆ లెక్కలోనే గడిచింది. అందుకే క్యారేజీలు కట్టే పని ఆమెకు ఒక్క రోజులో పట్టుబడింది. ఈ వారం పొద్దున్నే వెళ్ళిన క్యారేజీ వచ్చే వారం మరో పూట వెళుతుంది.

ఒక్క క్యారేజీ తప్ప.

సౌరభ్ అనే కుర్రాడు వరస చివరి గదిలో అద్దెకుండేవాడు. రోలింగ్ మిల్లులో కాంట్రాక్టు పని అని చెప్పేవాడు. మర్యాదస్తుడు. మొదటి వారం మధ్యాహ్నం వచ్చి క్యారేజీ తీసుకుని, "బి షిఫ్ట్, దీదీ," అన్నాడు. రెండో వారం కూడా అదే మాట. మూడో వారమూ అదే.

"మీకు షిఫ్ట్ మారదా భయ్యా?" అని అడిగింది ఈశ్వరి.

అతను చెయ్యి క్యారేజీ మీద అలాగే ఉంచాడు. "ఫిక్స్ కర్ దియా సాబ్ నే," అని నవ్వాడు.

ఈ ఊళ్ళో ఏ సాబూ ఎవరికీ షిఫ్ట్ అలా ఫిక్స్ చెయ్యడు. చేసి ఉంటే వీడు ఎ షిఫ్టే అడిగి పుచ్చుకునేవాడు. మనిషన్నవాడు సాయంత్రాలు ఇంట్లో ఉండాలనుకుంటాడు. వీడికి సాయంత్రాలు బయటే పనుంది.

ఆ రోజు ఈశ్వరి అతని వెనక నడిచింది. సౌరభ్ మిల్లు దారి పట్టలేదు. ఇనుము కాల్చి సాగగొట్టే ఒక ఫోర్జింగ్ యూనిట్ మూతపడి ఉంది. దాని వెనక గోడకున్న చిన్న తలుపు తాళం తీసి లోపలికి వెళ్ళాడు. ఆ గోడకు ఆనుకుని అవతల ఒక పొడుగాటి ఖాళీ షెడ్డు. దాని ముఖాన కొత్త బోర్డు. మాక్ డ్రిల్ షెల్టర్.

గాజు దగ్గరకు నోరు తెచ్చి చెప్పింది. చెవిలో భానుప్రకాష్ గొంతు జాగ్రత్తగా పలికింది.

"తొందరపడకు. అర్పితను కలువు."

*

బిష్టుపూర్‌లో ఏసీ కాఫీ షాపు. ఈశ్వరి ఆ పూటకు చీర మార్చి, ముక్కుపుడకలు తీసి, కళ్ళజోడు పెట్టుకుంది. అర్పిత పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆమె లోపలికి రాగానే మూడు టేబుళ్ళ మీద మాటలు ఆగిపోయాయి. నీలం పట్టు కుర్తా, చెవులకు ఒంటిరాయి దిద్దులు, ఇస్త్రీ చేసినట్టున్న జుట్టు.

"దల్మా కొండ మీద మబ్బుందా?" అంది ఈశ్వరి.

"ఏనుగులకే తెలియాలి," అంది అర్పిత కూర్చుంటూ. తర్వాత తెలుగులోనే నవ్వింది. "మీ వాళ్ళ కోడ్ వర్డ్స్ ఎప్పటికీ మారవా? టూరిజం వాళ్ళ ప్రకటనలా ఉంది."

"మీకు తెలుగొచ్చే!"

"నాకు ఎవరు జీతమిస్తే వాళ్ళ భాష వస్తుంది." మెనూ మీద వేలు ఆడిస్తూ, గొంతు తగ్గించింది. "జుగ్సలాయి. మార్కెట్ వెనక సబ్‌స్టేషన్. బ్లాక్ అవుట్‌లో దీపాలు ఎలాగూ ఉండవు. అప్పుడు పేల్చేస్తారు. ఆల్ క్లియర్ మోగాక దీపాలు రావు. గోడౌన్లు అంటుకుంటాయి. ఆ ఇరుకు రోడ్లలోకి ఫైరింజన్ దూరదు."

"సౌరభ్ ఎవరు?"

"ఆ కుర్రాడా? స్క్రాప్ దొంగ. మూతపడ్డ యూనిట్లోంచి రాగి తీగలు పీకి అమ్ముకుంటాడు. ఆదిత్యపూర్‌లో అలాంటివాళ్ళు వీధికొకడు." కాఫీ నురగ పెదవికి అంటకుండా తాగింది. "బాలాజీ మంచివాడు. అతనికి కూడా నేను జుగ్సలాయి అనే చెప్పాను. వినలేదు."

మాట నమ్మదగినట్టే ఉంది. ఢిల్లీ నమ్మింది. డ్రిల్ నాటి ఉదయానికే రాంచీ నుంచి వచ్చిన కమాండో టీం, బాంబ్ స్క్వాడ్ జుగ్సలాయిలో గోడౌన్ల మధ్య మాటు వేశాయి.

ఈశ్వరిని మాత్రం ఆదిత్యపూర్‌లోనే ఉండమన్నారు. క్యారేజీలు కట్టుకుంటూ.

*

ఆ సాయంత్రం మెస్‌లో ఒకటే సందడి. నూకమ్మ మనవరాలు ప్రియ కాలేజీ వలంటీర్లలో చేరింది. డ్రిల్‌లో ఆమెకు గాయపడ్డ మనిషి వేషం. నుదుటికి ఎర్ర రంగు పూసుకుని అద్దంలో చూసుకుంటోంది.

"ఏటే ఆ సోకు?" అంది నూకమ్మ. "దెబ్బ తగిలిన మడిసివా, సినిమాకెల్తన్నావా?"

"డ్రిల్ హై నాన్నమ్మా. బస్ లేట్‌నా హై. ఆఁఖేఁ బంద్, ముహ్ బంద్," అంది ప్రియ, ఎప్పటిలా హిందీలోనే. కళ్ళూ నోరూ మూసుకుని పడుకోవడమే ఆమె పని.

"నువ్వు నోరు ముయ్యడం సూడాలంటే నేనే వత్తాను."

ప్రియ తండ్రి పోలరాజు హోం గార్డు. ఇస్త్రీ యూనిఫాం వేసుకుని, బూట్లు మూడుసార్లు తుడుచుకున్నాడు. షెడ్డుకు ఎదురుగా ఉన్న వార్డు ఆఫీసు డాబా మీద చేత్తో తిప్పే సైరన్ ఉంది. ఇవాళ దాని డ్యూటీ అతనిదే.

"మరదలా, నా క్యారేజీ డాబా మీదకే పట్రా," అన్నాడు ఈశ్వరితో. "ఆల్ క్లియర్ అయ్యాక తింటాను. ఇయ్యాల ఉప్పు సూసి ఎయ్యి."

ఆరున్నరకల్లా షెడ్డు నిండింది. పిల్లాపాపలతో బస్తీ అంతా వచ్చింది. వలంటీర్లు మైకులో చెబుతున్నారు. సైరన్ పైకీ కిందకీ మోగితే ప్రమాదం. ఒకే పట్టున మోగితే ఆల్ క్లియర్, ప్రమాదం తప్పినట్టు. అంతవరకూ ఎవ్వరూ కదలకూడదు, తలుపు తెరవకూడదు. గాయపడ్డ వేషాలవాళ్ళు గోడవారగా చాపల మీద పడుకున్నారు. ప్రియ అందరికన్నా చివర, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కింద పడుకుంది.

ఈశ్వరి టీ కెటిల్‌తో లోపల తిరుగుతోంది. అర్పిత కూడా వచ్చింది, నీలం చీరలో. ఏర్పాట్లు చూసింది. పిల్లల బుగ్గలు గిల్లింది. ఎవరో సెల్ఫీ అడిగితే పర్సు తెరిచి లిప్‌స్టిక్ తీసింది.

పర్సు లోపలి అంచుకు ఒక పసుపుపచ్చ పెట్టె క్లిప్పు చేసి ఉంది. అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్దది.

ఈశ్వరి చేతిలో కెటిల్ ఒరిగింది. వేడి టీ కాలి మీద పడ్డా ఆమె కదల్లేదు.

నాన్న చొక్కా జేబుకు అలాంటిదే ఉండేది. గ్యాస్ మానిటర్. ఫర్నేస్ దగ్గర పనిచేసేవాళ్ళు పెట్టుకుంటారు. కార్బన్ మోనాక్సైడ్ సోకితే కూత పెడుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు అనేవాడు నాన్న. పీల్చినవాడికి బాధ తెలియదు. మత్తుగా పడుకుంటాడు. పోయాక కూడా మొహం కళకళలాడుతూ ఉంటుంది.

బాలాజీ ఎర్రటి బుగ్గలు.

మాక్ డ్రిల్ షెల్టర్లో గ్యాస్ మానిటర్ ఎందుకు? మూతపడ్డ ఫోర్జింగ్ యూనిట్లో గ్యాసిఫయర్ ఉంటుంది. బొగ్గును కాల్చి కొలిమికి గ్యాస్ పంపే యంత్రం. సౌరభ్ సాయంత్రాలన్నీ దాన్ని బతికించడానికి ఖర్చు పెట్టాడు. గోడకు ఇటు పక్కన ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నం. తలుపులు మూసి, కదలొద్దని చెప్పి, చీకటి చేసి, గ్యాస్ వదిలితే చాలు. స్పృహ తప్పినట్టు నటిస్తున్నవాళ్ళు నిజంగా పోతున్నా పక్కవాడికి తెలియదు.

ఇక ఆ తర్వాత ఎవడు నమ్ముతాడు సైరన్‌ని?

ఈశ్వరి తలెత్తింది. అర్పిత అక్కడ లేదు.

బయట సైరన్ లేచింది. పైకీ, కిందకీ. దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. ఎవరో బయటినుంచి తలుపు మూయబోతుంటే ఈశ్వరి ఆ సందులోంచి జారి బయటపడింది. వెనక గడియ పడ్డ చప్పుడు వినిపించింది. గడియకు తాళం కూడా పడింది. వేసినవాడు చీకట్లో ఫోర్జింగ్ యూనిట్ వైపు పరుగెత్తాడు.

"సార్, జుగ్సలాయి కాదు. ఇక్కడ. షెల్టర్లోకి గ్యాస్ వదులుతున్నారు. అర్పిత వాళ్ళ మనిషి."

"టీం నదికి అవతల ఉంది. బ్లాక్ అవుట్‌లో వంతెన దాటి రావాలి."

"డ్రిల్ ఆపించండి. ఆల్ క్లియర్ ఇప్పించండి."

"నేను నేరుగా జిల్లాకు ఆర్డర్ వెయ్యలేను. రాంచీకి చెప్పాలి, రాంచీ కలెక్టరేట్‌కు చెప్పాలి, వాళ్ళు కంట్రోల్ రూమ్‌కు. పావుగంట పడుతుంది."

"వాళ్ళక్కావలసింది కూడా ఆ పావుగంటే సార్."

ఆమె అప్పటికే వార్డు ఆఫీసు మెట్లెక్కుతోంది.

*

డాబా మీద పోలరాజు సైరన్ పక్కన అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. పిట్టగోడ దగ్గర నూకమ్మ కూర్చుని ఉంది. పక్కన క్యారేజీ. నోట్లో చుట్ట వెలుగుతూనే ఉంది, కానీ నిప్పు లోపలుంది కాబట్టి బ్లాక్ అవుట్‌కు భంగం లేదు.

"బావా, ఆల్ క్లియర్ తిప్పు. ఇప్పుడే."

"ఏటి?"

"షెడ్డులోకి గ్యాస్ వదిలారు. తలుపుకి తాళం వేశారు. సైరన్ తిప్పితే లోపలివాళ్ళు లేస్తారు, తలుపు బద్దలు కొడతారు. నేను అరిస్తే డ్రిల్లే అనుకుంటారు."

"నీకెలా తెలుసు?"

"నేను ఢిల్లీ మనిషిని. హోం మినిస్ట్రీ."

పోలరాజు చీకట్లో ఆమె ముఖం వెతికాడు. "నిన్న నా సాంబార్లో చారెడు ఉప్పేసింది హోం మినిస్ట్రీయా?"

"బావా."

"కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్ రావాల. అది రాకుండా తిప్పితే నా యూనిఫాం ఊడుతాది. పదేళ్ళ సర్వీసు. నీకేటి, రేపు సోంపేట ఎల్లిపోతావు."

"నీ కూతురు ఆ ఫ్యాన్ కిందే పడుకుంది."

అతని చెయ్యి సైరన్ పిడి మీదకు వెళ్ళింది. మళ్ళీ వెనక్కొచ్చింది. "ఆర్డర్ లేకుండా..."

నూకమ్మ లేచింది. నోట్లోంచి చుట్ట తీసి కింద పడేసి కాలితో నలిపింది.

"బాలాజీ బావు మొకం ఎర్రగా ఉందర్రా అని నానేడిత్తే, గుండెపోటన్నారు. ముసల్దానికేటి తెలుసన్నారు. ఇప్పుడు నా గుంట మొకం కూడా అలాగే సూడాలేట్రా? తిప్పు."

"ఎవులార్డరమ్మా అది?"

"నాది."

పోలరాజు పిడి పట్టుకున్నాడు.

సైరన్ మొదట గొణిగింది. తర్వాత లేచి, ఒకే పట్టున, ఊగకుండా, చీకటి మీద పరుచుకుంది. పోలరాజు పళ్ళు బిగించి అదే వేగంతో తిప్పుతున్నాడు. కాస్త మందగిస్తే స్వరం ఊగుతుంది. ఊగితే అర్థం మారిపోతుంది.

ఈశ్వరి క్యారేజీ అందుకుని మెట్లు దిగింది.

షెడ్డులో అలికిడి మొదలైంది. ఎవరో నవ్వుతూ, "ఖతమ్? ఇత్‌నీ జల్దీ?" అన్నారు, అప్పుడే అయిపోయిందా అని. తలుపు తీయబోయారు. రాలేదు. మళ్ళీ లాగారు. ఈసారి నవ్వు లేదు. పసిపిల్ల ఏడుపు. తర్వాత రేకు మీద పెద్ద దెబ్బ. ఫోర్జింగ్‌లలో, మిల్లుల్లో పనిచేసిన భుజాలవి. రెండో దెబ్బకు రేకు మడత పడింది.

ఆమె గోడ వెనక చిన్న తలుపు తోసింది. లోపల గ్యాసిఫయర్ పొట్ట ఎర్రగా మెరుస్తోంది. ఆ వెలుగులో సౌరభ్, ముఖానికి మాస్కు, ఒక చెయ్యి వాల్వ్ చక్రం మీద. వాచీ చూసుకుంటున్నాడు. సైరన్ ఇంత ముందుగా ఎందుకు మోగిందో అతనికి అర్థం కాలేదు. ఆ తికమకే ఈశ్వరికి దొరికిన సమయం.

నాలుగు గిన్నెల క్యారేజీ, సాంబారుతో బరువుగా, అతని చెవి కింద తగిలింది.

సౌరభ్ మోకాళ్ళ మీద పడ్డాడు. ఈశ్వరి ఊపిరి బిగబట్టి చక్రం పట్టుకుంది. అరచేతులు కాలాయి. ఒక చుట్టు. రెండు చుట్లు. వెనకనుంచి కత్తి ఆమె చేతిని మోచేతి నుంచి మణికట్టు దాకా గీసింది. గాజు రెండు ముక్కలైంది. ఢిల్లీలో భానుప్రకాష్‌కు ఒక పెద్ద కరకర వినిపించింది, తర్వాత ఏమీ వినిపించలేదు.

మూడో చుట్టు. చక్రం ఇక తిరగలేదు. వాల్వ్ మూసుకుంది.

సౌరభ్ కత్తి మళ్ళీ ఎత్తాడు. ఈశ్వరి అతని మాస్కు పట్టీ పట్టుకుని లాగేసింది. పక్కన పైపు అతుకులోంచి అతని సొంత గ్యాసే బుసకొడుతోంది. అతను రెండుసార్లు ఊపిరి పీల్చి, తూలి, ఆమె లాగితే లాగినట్టు గుమ్మం బయట పడ్డాడు.

షెడ్డులోంచి పడుతూ లేస్తూ బయటికొచ్చిన ఇద్దరు వెల్డర్లు ఆమెను చూసి ఆగారు.

"ఏటి సెల్లీ?"

"వీడి మీద కూర్చోండన్నా. పోలీసులొచ్చేదాకా లేవకండి."

వాళ్ళు కారణం అడగలేదు. కూర్చున్నారు.

*

జనం రోడ్డు మీద దగ్గుతూ, తలలు పట్టుకుని నిలబడ్డారు. చాపల మీదవాళ్ళలో చాలామంది లేచి వచ్చారు. కొందరు లేవలేదు. బయటినుంచి చూస్తున్న ఎవరో చప్పట్లు కొట్టి, "క్యా యాక్టింగ్ హై," అన్నాడు.

పోలరాజు ఊపిరి బిగబట్టి లోపలికి పరుగెత్తాడు. ప్రియను భుజాన వేసుకుని వచ్చి రోడ్డు మీద పడుకోబెట్టాడు. నుదుటి మీద రంగు చెదిరిపోయింది. బుగ్గలు మాత్రం గులాబీల్లా ఉన్నాయి.

నూకమ్మ ఆ బుగ్గలు చూసి, మనవరాలి తల ఒళ్ళోకి తీసుకుంది.

"ఆక్సిజన్," అంది ఈశ్వరి అంబులెన్స్ మనిషితో.

అతను నోట్లో గుట్కా నములుతూ, "మేడమ్, డ్రిల్ మే ఖోల్‌నా మనా హై," అన్నాడు. డ్రిల్‌లో సిలిండర్ తెరవకూడదట.

పోలరాజు అతని వైపు ఒక అడుగు వేశాడు. సిలిండర్ తెరుచుకుంది.

మాస్కు ప్రియ ముఖం మీద పెట్టారు. సైరన్ ఆగిపోయిన ఊళ్ళో ఆ సిలిండర్ సన్నటి బుస తప్ప ఇంకేమీ వినిపించలేదు. పోలరాజు కూతురి అరికాళ్ళు రుద్దుతున్నాడు, అదే వేగంతో, ఇంకా సైరన్ తిప్పుతున్నట్టే.

చాలాసేపటికి ప్రియ దగ్గింది.

"నాన్నమ్మా," అంది తెలుగులో. "తలనొప్పిగా ఉంది."

నూకమ్మ ఏడుస్తూనే తిట్టడం మొదలుపెట్టింది. మిగిలినవాళ్ళు కూడా ఒక్కొక్కరే కదిలారు. చివరి మనిషి కళ్ళు తెరిచేదాకా ఈశ్వరి కూర్చోలేదు. కూర్చున్నాక చూసుకుంటే మోచేతి నుంచి రక్తం కారుతోంది. వలంటీరు పిల్ల ఒకతి వచ్చి, నిజం రక్తమో రంగో తెలియక, రెండు వేళ్ళతో తాకి చూసి, కట్టు కట్టింది.

అర్పిత మరీ దూరం పోలేదు. బ్లాక్ అవుట్‌లో హెడ్‌లైట్లు వేసుకుని ఖర్కాయి వంతెన మీదకు దూసుకొచ్చింది. రిటైరైన స్కూలు మాస్టారు సీతారామరావు అక్కడ సివిల్ డిఫెన్స్ వార్డెన్ డ్యూటీలో, ఎవరూ దీపం వెయ్యకుండా చూస్తూ ఉన్నాడు. కారుకు అడ్డంగా నిలబడి, పౌర బాధ్యత గురించి ఆమెకు పాఠం మొదలుపెట్టాడు. అర్పిత బతిమాలింది, నవ్వింది, నోట్లు చూపించింది. నోట్లు చూశాక ఆయన పాఠం ఇంకా పొడుగైంది. ఆల్ క్లియర్ మోగినా వదల్లేదు. జుగ్సలాయి నుంచి వస్తున్న కమాండో టీం అక్కడే ఆమెను చూసింది. రాష్ట్ర పోలీసులు పద్ధతి ప్రకారం అరెస్టు చేశారు.

*

మూడు రోజుల తర్వాత భానుప్రకాష్ ఫోన్ చేశాడు. ఈశ్వరి అప్పుడు మెస్ అరుగు మీద, చేతికి కట్టుతో, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"సౌరభ్ నోరు విప్పాడు. బాలాజీని ఆ యూనిట్లోనే గ్యాస్‌తో చంపి, తెచ్చి గదిలో పడుకోబెట్టారట. లాంతరు ముఠాలో మిగిలినవాళ్ళను కూడా ఆయా దేశాలు పట్టుకుంటున్నాయి."

"మంచిది సార్."

"పోలరాజు మీద చార్జిషీట్ ఆపించాను. అదంత తేలిగ్గా జరగలేదు. సైరన్ తిప్పమని ఎవరు చెప్పారో రాయాలన్నారు. తల్లి అని రాశాను. ఆ గడిలో అది పట్టదని వెనక్కి పంపారు. మళ్ళీ అదే రాశాను."

ఈశ్వరి నవ్వింది. ఎదురింట్లో ఎవరో సి షిఫ్ట్ మనిషి నిద్ర లేచి, ఇప్పుడు మిక్సీ వేసుకోండని కేకేశాడు.

"ఇంకొకటి," అన్నాడు భానుప్రకాష్. అతని గొంతు కొంచెం ఇబ్బందిగా ఉంది. "గ్యాస్ సంగతి రహస్యం కదా. డ్రిల్ పరిశీలకులకు తెలియదు. వాళ్ళు మార్కులు పంపారు. దేశంలో అన్ని షెల్టర్లలోకీ ఆదిత్యపూర్‌కే సున్నా. నిర్ణీత సమయం ముగియకముందే ప్రజలు తలుపు విరగ్గొట్టి బయటికి వచ్చేశారు, క్రమశిక్షణ బొత్తిగా లేదు అని రిమార్కు."

ఈశ్వరి లోపలికి చూసింది. ప్రియ నాన్నమ్మతో హిందీలో ఏదో వాదిస్తోంది. నూకమ్మ తెలుగులో తిడుతోంది.

"పరవాలేదు సార్," అంది. "అందరూ బతికే ఉన్నారు. సప్లిమెంటరీ రాస్తారు."